ఇంట్లో ఉండేదానికి చలెయ్యదా?

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మా ఆడపడుచు ఓ పాత ఫోటో పెట్టింది. 2009 జనవరి, ఢిల్లీ, కుతుబ్ మీనార్ ముందు అందరం వరసగా నిలబడి ఉన్నాం. కింద "మా వదిన చేతిపని చూడండి, ఒక్కటీ కొన్నది కాదు" అని రాసింది. నిజమే. మావారి నేవీ బ్లూ స్వెట్టర్ నేనల్లిందే. మామయ్యగారి హాఫ్ స్వెట్టరూ మఫ్లరూ నావే. అత్తమ్మ చీర మీద తొడుక్కున్న బొత్తాల స్వెట్టర్, మా ఆడపడుచు పొంచో, పాప కుచ్చుటోపీ, బాబు మంకీక్యాపూ, పారేసుకోకుండా తాడు కట్టి మెళ్లో వేసిన వాడి గ్లోవ్సూ, అన్నీ నేనే. గ్రూపంతా దండాలు, చప్పట్లు. ఎవరో "బంగారు చేతులు" అన్నారు.

నేను ఆ ఫోటోని పెద్దది చేసి నన్ను వెతుక్కున్నాను. ఓ చివర ఉన్నాను. మావారి పాత మెరూన్ స్వెట్టర్, చేతులు రెండు మడతలు పెట్టి. చెవుల మీదుగా చున్నీ. ఆ బంగారు చేతులు మాత్రం ఫోటోలో లేవు. రెండూ చంకల్లో దూర్చుకుని ఉన్నాను.

ఆ చలికాలం నాకు బాగా గుర్తు. వేళ్లు ఎర్రగా వాచిపోయాయి. పగలంతా నొప్పి, రాత్రి రజాయిలోకి దూరగానే దురద, మంట. చిల్‌బ్లెయిన్స్ అన్నాడు డాక్టరు. చల్లబడ్డ వేళ్లని ఒక్కసారిగా వేడి దగ్గర పెట్టకండి, మెల్లగా వెచ్చబెట్టుకోండి, అసలు చల్లబడకుండా చూసుకోండి అని చెప్పి, "గ్లోవ్స్ లేవా ఇంట్లో?" అని అడిగాడు. ఎందుకు లేవు! మూడు జతలున్నాయి. మావారివి, పాపవి, బాబువి. మూడూ నేనల్లినవే. "నాకూ అల్లుకుంటాను" అన్నాను. అల్లుకోలేదు. ఆ నెల మామయ్యగారికి ఇంకో మఫ్లర్ అల్లాను.

ఇదేదో త్యాగమయి కథ చెబుతున్నానని అనుకునేరు. నాకు ఒళ్లు మండి రాస్తున్నాను. ఎవరి మీద అంటే ముందు నా మీదే. నన్నెవరూ వద్దనలేదు. మావారు చెడ్డవారు కాదు, అత్తమ్మ గయ్యాళి కాదు. అసలు తమాషా అంతా అక్కడే ఉంది. ఎవరూ ఆపకుండానే పదహారేళ్లలో నలభై ఒక్కటి అల్లాను (ఆ ఫోటో చూశాక కూర్చుని లెక్కపెట్టాను), అందులో నాదంటూ ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో చెప్పనా? మనందరి బుర్రల్లో ఎప్పుడో ఎవరో ఒక మాట పెట్టేశారు. చలి బయటికి వెళ్లేవాళ్లకి. ఆఫీసుకి వెళ్లే ఆయనకి, స్కూలు బస్సు ఎక్కే పిల్లలకి, పొద్దున్నే పార్కులో నడిచే మామగారికి. ఇంట్లో ఉండేదానికి చలేమిటి?

ఢిల్లీ గవర్నమెంటు క్వార్టర్స్‌లో జనవరి తెల్లవారుజామున వంటింట్లో నిలబడి చూడండి. బయట నాలుగో అయిదో డిగ్రీలు. గోడలు సిమెంటు, నేల మొజాయిక్, కిటికీ గ్యాస్ కోసం తెరిచి పెట్టాలి. అయిదున్నరకి ట్యాంకులో నీళ్లు ఐసులా వస్తాయి. ఆ నీళ్లలోనే బియ్యం కడగాలి, కూర కడగాలి, రాత్రి మిగిలిన గిన్నెలు తోమాలి. ఆయన ఆఫీసుకి చేరాక అక్కడ హీటరుంటుంది. పిల్లలు క్లాసులో నలభై మంది కలిసి కూర్చుంటారు. ఒంటరిగా చల్లటి నేల మీద, చల్లటి నీళ్లలో నాలుగు గంటలుండేది ఎవరు? మరి ఇంట్లో గ్లోవ్స్ ఎవరికి ముందు కావాలి?

ఈ మాట అంటానికి నాకు హక్కు లేదని కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ మాట నేనూ ఒకళ్లని అన్నాను.

మాది మెదక్ దగ్గర పల్లె. అమ్మ చిన్నప్పుడు బేసిక్ స్కూల్లో చదివింది. అక్కడ పిల్లలందరికీ తకిలి ఇచ్చి రోజూ నూలు తీయించేవారట. ఆ అలవాటుతో అమ్మకి చేతిలో ఏదో ఒక దారం ఉండాల్సిందే. మా ఊరి హైస్కూల్ టీచరుగారి భార్య దగ్గర ఊలు అల్లడం నేర్చుకుని, ఓ ఏడాది మొత్తం పట్టి ఆకుపచ్చ స్వెట్టర్ అల్లింది. తన కొలతకి, తనకోసం. పూర్తయిన నెలకే నాకు హైదరాబాద్‌లో ఇంటర్ సీటొచ్చింది. హాస్టల్ పెట్టె సర్దుకుంటూ నేనే అడిగాను. "నీకెందుకమ్మా, నువ్వు ఇంట్లోనే ఉంటవ్ గదా!" అమ్మ ఏమీ అనలేదు. మడత పెట్టి నా పెట్టెలో పెట్టింది. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు చూశానో, తలకి నాన్న తువ్వాలు చుట్టుకుని చీకట్లో లేచి వాకిట్లో సానుపు చల్లేది. మా వైపు చలి తక్కువనుకోకండి, డిసెంబర్లో పది డిగ్రీల కిందికి పడే రోజులుంటాయి.

నాకప్పుడు పదహారేళ్లు. తెలీక అన్నాననుకుందాం. కానీ ఆ మాట నాకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. చుట్టూ చూసి నేర్చుకున్నాను.

మా ఇంటి ఎదురు సందులో కురుమోళ్ల ఇళ్లుండేవి. గొర్రెల నల్ల ఉన్ని ఆడవాళ్లు వడికేవారు, మగవాళ్లు గుంటమగ్గం మీద గొంగడి నేసేవారు. పడుగు దారానికి చింతగింజల గంజి పూసే వాసన నాకిప్పటికీ తెలుసు. గొంగడి అంటే మామూలు వస్తువా! వానకి గొడుగు, చలికి దుప్పటి, పొలంలో పక్క. నేను చూసినంతలో అది ఎప్పుడూ మగవాళ్ల భుజం మీదే ఉండేది. నెలల తరబడి ఆ దారం వడికిన అవ్వ మాత్రం పాత చీర రెండు మడతలు కప్పుకుని అరుగు మీద కూర్చుని వడికేది.

పెద్ద పెద్ద విషయాల్లోనూ ఇదే వరస. గాంధీగారు రాట్నం తిప్పమన్నారు, దేశం కోసం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, వెంట్రుకంత సన్నటి నూలు వడికితే ఆ ఖద్దరు పేరున్న నాయకుల ఒంటి మీద మెరిసింది. 1962లో చైనా యుద్ధం వస్తే దేశమంతా ఆడవాళ్లు జవాన్ల కోసం స్వెట్టర్లు అల్లారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు, అమెరికా ఆడవాళ్లు సైనికులకి మేజోళ్లు అల్లారు. అవన్నీ మంచి పనులే. నేను తప్పు పట్టడం లేదు. కానీ ఇన్నేళ్లలో ఇన్ని పిలుపుల్లో ఒక్కటంటే ఒక్కటి, "అమ్మా, నీ చెవులు చల్లగా ఉన్నాయి, ముందు నీకోటి అల్లుకో" అని ఎవరైనా అన్నారా? ఆడదాని చేతిలో దారం ఉంటే అది ఎవరికో వెళ్లాలి. దేశానికో, దేవుడికో, మొగుడికో, మనవడికో. ఆమె దగ్గర ఆగితే అందరికీ ఏదో ఇబ్బంది.

నాకు కళ్లు తెరిపించింది మా పక్క బ్లాకులో ఉండే ఓ దీదీ. ఉత్తరాఖండ్‌లో ధార్చులా వైపు వాళ్లు. వాళ్ల పెద్దలు ఒకప్పుడు కనుమలు దాటి టిబెట్టు వెళ్లి ఉప్పూ ఉన్నీ తెచ్చి అమ్మేవారు. 1962తో ఆ వ్యాపారం ఆగిపోయింది. ఉన్ని పని మాత్రం ఆడవాళ్ల చేతుల్లో ఉండిపోయింది. నడుస్తూ, కబుర్లాడుతూ, తకిలి తిప్పుతూనే ఉంటారు. 2013 చలికాలం. మేడ మీద ఎండలో అందరం సూదులు పట్టుకుని కూర్చున్నాం. మా క్వార్టర్స్‌లో పంజాబీ ఆంటీల దగ్గర సీధా-ఉల్టా నేర్చుకోని తెలుగు, తమిళ ఇల్లాలు లేదులెండి. దీదీ మాత్రం తకిలితో వడుకుతోంది. బూడిద రంగు ఉన్ని. "ఎవరికి?" అని అడిగాను. ఆవిడ నావైపు వింతగా చూసింది. "నాకే. నా టోపీ పాతదైపోయింది" అంది. అంతే. సంజాయిషీ లేదు, నవ్వు లేదు, "పిల్లలవి అయిపోయాయిలే" అన్న ముక్క కూడా లేదు.

నేను రాత్రంతా ఆ మాటే అనుకుంటూ పడుకున్నాను. మర్నాడు నాకూ నేర్పమన్నాను.

ఇక్కడ మీరు అడగొచ్చు, నీకు టోపీ కావాలంటే బజారు ఊలు ఉండల్లో దొరుకుతుంది కదా, వడకడం దేనికి అని. నాకు తెలిసిన కారణాలు చెబుతాను.

ఒకటి, వంటింటి కారణం. బజార్లో చవగ్గా దొరికేది చాలావరకు ఆక్రిలిక్. దానికి నిప్పంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని అంత త్వరగా అంటుకోదు. అంటుకున్నా మాడుతుంది, మంట దూరమైతే ఆరిపోతుంది. గ్యాస్ పొయ్యి ముందు బతుకు గడిపేవాళ్లం, మనకి తెలియాల్సిన విషయం ఇది. (అలాగని వేలాడే మఫ్లర్‌తో పొయ్యి దగ్గరకి వెళ్లకండి.) పైగా ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. ఆవిరిలో పనిచేసేవాళ్లకి అదెంత సుఖమో.

రెండు, కొలత మన చేతిలో ఉంటుంది. మెడకి మెత్తగా కావాలి, అరచేతికి గట్టిగా కావాలి, పాదానికి మందంగా కావాలి. వడికేటప్పుడే పురి తక్కువ ఎక్కిస్తే మెత్తన, ఎక్కువ ఎక్కిస్తే గట్టి.

మూడోదే అసలు కారణం. బజారు ఊలుతో రెండు రాత్రుల్లో గుట్టుగా టోపీ అల్లేసుకోవచ్చు. వడికిన దారంతో అది కుదరదు. ఉన్ని కడగాలి, ఏకాలి, వడకాలి, పేనాలి, ఆరేయాలి, అప్పుడు అల్లాలి. నెలరోజులు ఇంటి మధ్యలో కూర్చుని అందరి కళ్ల ముందూ చెయ్యాలి. వచ్చిన ప్రతివాళ్లూ "ఎవరికి?" అని అడుగుతారు. నెలరోజులు ప్రతివాళ్లకీ "నాకు" అని చెప్పాలి. మొదటి వారం గొంతు పెగల్లేదు నాకు. నాలుగో వారానికి అలవాటైంది. నాకు టోపీ కంటే ఆ అలవాటే ఎక్కువ పనికొచ్చింది.

పని ఎలాగంటారా, పెద్ద విద్యేం కాదు. ఉన్నిని గోరువెచ్చటి నీళ్లలో కుంకుడురసం వేసి నానబెట్టండి. పిసక్కండి, పిసికారంటే ముద్ద కట్టేసి దేనికీ పనికిరాదు. మెల్లగా ముంచి తీస్తూ మూడు నీళ్లు మార్చండి. జిడ్డు మొత్తం పోకపోయినా పర్లేదు, ఆ జిడ్డు చేతులకి మంచిదే. నేను కడిగిన అరకిలో ఆరాక మూడొందల గ్రాములు తూగింది, మిగతాదంతా మట్టీ జిడ్డూ ముళ్లూ. నీడన ఆరబెట్టి, రెండు తీగల బ్రష్షులతో ఏకి, ఏకులు చుట్టుకోవాలి. తకిలి కుడివైపు తిప్పి ఒంటిపేట వడకండి. అలాంటివి రెండు కలిపి ఎడమవైపు తిప్పి పేనండి. మొదట ఎక్కిన పురి కాస్త విడిపోయి దారం శాంతిస్తుంది. చిలప చుట్టి వేడినీళ్లలో ముంచి, చిన్న బరువు కట్టి ఆరేస్తే మెలికలు పోతాయి. నా మొదటి దారం ఒకచోట జడంత లావు, ఒకచోట సూదిలో ఎక్కేంత సన్నం. దీదీ చూసి "బాగుంది, నీకే కదా" అంది. ఆ మాటలో ఎంత స్వేచ్ఛ ఉందో ఆలోచించండి. ఇంకొకరికయితే విప్పి మళ్లీ చేసేదాన్ని.

టోపీకి ఎనభై గ్రాముల దారం చాలు. వేళ్లు బయటికుండే చేతి తొడుగులకి యాభై. ఈ వేళ్లు బయటికుండే రకం మనలాంటి వాళ్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. కూర తరగొచ్చు, చపాతీ కాల్చొచ్చు, ఫోన్ నొక్కొచ్చు. గిన్నెలప్పుడు తీసి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని మళ్లీ తొడుక్కోవడమే. మణికట్టు వెచ్చగా ఉంటే వేళ్లూ వెచ్చగా ఉంటాయి. ఊరెళ్లినప్పుడు మా కురుమోళ్ల ఇంటి నుంచి రెండు కిలోల నల్ల ఉన్ని తెచ్చుకున్నాను. డబ్బు తీసుకోలేదు. కొనేవాళ్లు లేక కత్తిరించిన ఉన్ని పారేస్తున్నారిప్పుడు. మన దక్కనీ గొర్రె ఉన్ని బిరుసు, మెడకి గుచ్చుతుంది. కానీ మందంగా వడికి మడమల దాకా మేజోళ్లు అల్లుకుంటే మొజాయిక్ నేల మీద దాన్ని మించింది లేదు. ఆరేళ్లుగా అవే వేసుకుంటున్నాను. అడుగున పాత జీన్సు గుడ్డ కుట్టాను, జారకుండా.

ఇంక నాకు వచ్చే సలహాల సంగతి.

మొదటిది, "రోడ్డు మీద రెండొందలకి దొరుకుతుంది, నెలరోజులు కూర్చుంటావా? నీ టైముకి విలువ లేదా?" ఆహా, నా టైముకి విలువ! ఆవకాయ నాలుగు జాడీలు పెట్టి నాలుగు ఊళ్లకి పంపినప్పుడు ఎవరూ గంటలు లెక్కకట్టలేదు. అదీ బజార్లో దొరుకుతుంది కదా. వడియాలు పెట్టినప్పుడు, పండక్కి సకినాలు చుట్టినప్పుడు, పిల్లల ప్రాజెక్టుకి రాత్రి రెండు దాకా థర్మోకోల్ కోసినప్పుడు నా టైము ఉచితం. నాకోసం కూర్చున్న రోజునే అందరికీ నా గంట ఖరీదు గుర్తొస్తుందేం? 2019లో కేంద్ర ప్రభుత్వం ఎవరు రోజంతా ఏం చేస్తున్నారని దేశమంతా సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ తేడా 202 నిమిషాలు. అందులో రోజుకో అరగంట తీసుకుని తకిలి తిప్పుకున్నా నేను ఎవరికీ బాకీ పడను.

రెండోది, "ఇంత బాగా చేస్తున్నావు, అమ్మొచ్చుగా!" ఇది పొగడ్తలా వస్తుంది కాబట్టి మనం కరిగిపోతాం. అమ్ముకుని నాలుగు డబ్బులు చేసుకునేవాళ్లకి నా దండం, వాళ్ల అవసరం వాళ్లది. కానీ మగవాడు పొద్దున్నే షటిల్ ఆడితే "టోర్నమెంట్లకి వెళ్లి సంపాదించొచ్చుగా" అని ఎవరైనా అంటారా? మన సరదా మాత్రం ఇంటికైనా పనికిరావాలి, డబ్బైనా తేవాలి. రెండూ కాకపోతే అది పనిలేనితనం.

మూడోది మా చెల్లి కూతురి మాట. బాగా చదువుకున్న పిల్ల, తెలివైనది. "పెద్దమ్మా, ఈ అల్లికలూ కుట్లూ ఆడవాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడానికి పెట్టినవి. నువ్వింకా అందులోనే ఉన్నావా?" అంది. దాని మాటలో నిజం లేకపోలేదు. నలభై ఒక్కటి అల్లినప్పుడు నేను అందులోనే ఉన్నాను. కాని తల్లీ, పని ఒకటే అయినా అది ఎవరికి చేరిందనేది కూడా చూడాలి. వంట ఆడదాన్ని కట్టేసిందని నేను నాకిష్టమైన కూర వండుకోవడం మానేస్తానా? సూదులు పారేస్తే నా చేతులకి ఉన్న ఒక్క నేర్పూ పోతుంది. నీకు చదువిచ్చిన నేర్పు నువ్వు వదులుకోవు కదా!

నాలుగోది ఎవరూ నోటితో అనరు. ముఖంలో కనిపిస్తుంది. స్వార్థం.

దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేను వడికి అల్లిన మొదటి టోపీ నాకు చేరలేదు. మావారి ఆఫీసరుగారి భార్య "ఎంత బావుందో" అంది, ఇచ్చేశాను. రెండోది బాబు ఎన్‌సీసీ క్యాంపుకి పట్టుకెళ్లాడు, తిరిగి రాలేదు. మూడోది 2015లో మొదలుపెట్టాను. హర్సిల్ వైపు మెత్తటి తెల్ల ఉన్ని, దీదీ తెచ్చిపెట్టింది. నా తల చుట్టు కొలుచుకుని, చెవులు పూర్తిగా మూసుకునేలా అంచు మడత పెట్టి అల్లాను. అప్పుడే మా ఆడపడుచు వచ్చింది. పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "వదినా, ఇది నాదే" అంది.

"లేదమ్మా, అది నాది" అన్నాను.

నవ్వింది, నేను హాస్యమాడుతున్నాననుకుని. "నీకెందుకు వదినా, ఇంకోటి అల్లుకుంటావు. నువ్వెక్కడికి వెళ్తావు ఈ చలిలో?" నేను వెళ్లి ఆమె తల మీంచి టోపీ తీసుకున్నాను. మెల్లగానే తీశాను. గదిలో అందరూ మాట్లాడ్డం ఆపేశారు. అత్తమ్మ, "ఒక్క టోపీ గదా బిడ్డా, ఆడిబిడ్డ అడిగితే ఇయ్యరా?" అన్నారు. మావారు పేపర్లో తల దూర్చారు. నా చేతులు వణుకుతున్నాయి. "ఉన్ని ఇస్తాను, నేర్పిస్తాను, పక్కన కూర్చుని మీతో అల్లిస్తాను. ఇది మాత్రం ఇవ్వను" అన్నాను.

మూడు నెలలు ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పటికీ ఎక్కడైనా టోపీ మాట వస్తే "అమ్మో, మా వదినది ముట్టుకోకూడదు" అంటుంది. నేర్చుకోవడానికి రాలేదు. మనసులో ఏం పెట్టుకుందో నాకు తెలీదు. ఆ రోజు నేను చేసింది తప్పేమోనని చాలా రాత్రులు అనుకున్నాను. ఆమె కూడా ఇంట్లో ఉండే మనిషే, ఆమెకి ఎవరు అల్లుతారు అని జాలి కూడా పడ్డాను. అయినా మళ్లీ ఆ రోజు వస్తే అదే చేస్తాను. ఎందుకంటే ఆ టోపీ ఇచ్చేసి ఉంటే నాలుగోదీ ఇచ్చేదాన్ని. నేను స్వార్థపరురాలినా? నలభై ఒక్కటి ఇచ్చి నలభై రెండోది ఉంచుకున్నవాళ్లని ఆ మాటంటే, మరి నలభై ఒక్కటీ తీసుకుని ఒక్కసారీ "నీదేది?" అని అడగనివాళ్లని ఏమనాలి? వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. అందులో నేనూ ఉన్నాను, అమ్మ ఆకుపచ్చ స్వెట్టర్ పట్టుకుపోయినదాన్ని.

ఆ స్వెట్టర్ అప్పు తీరుద్దామని రెండేళ్ల కిందట అమ్మకో టోపీ, మఫ్లరూ అల్లి పట్టుకెళ్లాను. గుచ్చకుండా లోపల నాన్న పాత ధోవతి గుడ్డ వేసి కుట్టాను. అమ్మ తడిమి చూసుకుంది. దారం రెండు పేటలు విడదీసి చూసి "మంచిగ పేనినవ్" అంది. నాకు ఏ సర్టిఫికెట్టూ అంత సంతోషం ఇవ్వలేదు. సంక్రాంతికి వెళ్లి చూస్తే టోపీ మా తమ్ముడి కొడుకు నెత్తి మీద ఉంది, మఫ్లర్ మా తమ్ముడి మెడలో ఉంది. అమ్మ తువ్వాలు చుట్టుకుని ఉంది. కోపం ఆగలేదు నాకు. "నీకని అల్లితే వాళ్లకెందుకిచ్చినవమ్మా?" అని అరిచాను.

"ఆళ్లు బయట తిరుగుతరు. నేను ఇంట్లనే ఉంట గద బిడ్డా" అంది.

ముప్ఫై ఏళ్ల కిందట నేనన్న మాట ఆమెకి గుర్తుందో లేదో నాకు తెలీదు. ఆమె దెప్పిపొడవలేదు, మామూలుగానే అంది. నేను ఇంక మాట్లాడలేకపోయాను. మనం ఒక మనిషికి ఏళ్ల తరబడి నీకు చలెయ్యదు అని చెబితే, కొన్నాళ్లకి ఆ మనిషి నిజంగానే తనకి చలెయ్యదనుకుంటుంది. ఒకరు అల్లి ఇచ్చినా ఒంటి మీద నిలవదు. అందుకే చెబుతున్నాను, ఈ అలవాటు ఎవరో బహుమతి ఇస్తే పోయేది కాదు. ఎవరికి వాళ్లు నోరు తెరిచి "ఇది నాది" అని చెప్పుకుంటేనే పోతుంది. ఎనభై ఏళ్లు వచ్చే దాకా ఆగితే ఆ మాట నోటికి రాదు.

కాబట్టి ఈ చలికాలానికి నేను అడిగేది ఒక్కటే. మీకు అల్లిక వస్తే, మొదటి ఎనభై గ్రాములు మీవి. పిల్లలకి తర్వాత అల్లండి, వాళ్లకి మూడున్నాయి. వడకడం నేర్చుకోవాలనుంటే తకిలి కొనక్కర్లేదు కూడా. సన్నటి కర్రకి అడుగున ఓ చెక్క బిళ్ల గుచ్చి, పైన చిన్న గాడి కోస్తే చాలు. మీ ఊరి గొర్రెల కాపరిని అడిగితే ఉన్ని దొరుకుతుంది, నాలుగు డబ్బులు చేతిలో పెట్టండి. అల్లడం అస్సలు రాకపోతే పర్లేదు, మీకో గొంగడి కొనుక్కోండి. ఎవరికని అడిగితే నాకని చెప్పండి. నవ్వుతూ చెప్పక్కర్లేదు, సంజాయిషీ చెప్పక్కర్లేదు. టోపీ పూర్తయ్యాక మీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యకండి, పెట్టుకోండి. పెళ్లికో ప్రయాణానికో దాచకండి. రేపు పొద్దున అయిదున్నరకి వంటింట్లో పెట్టుకోండి.

మా ఆడపడుచు పెట్టిన ఆ ఫోటో కింద నేను ఏమీ రాయలేదు. మర్నాడు పొద్దున వంటింట్లో తెల్లటోపీ, చేతి తొడుగులు, నల్ల మేజోళ్లతో ఓ ఫోటో తీయమని మావారిని అడిగాను. వంకరగా తీశారు, అయినా గ్రూపులో పెట్టాను. "ఇవీ నేనల్లినవే, నాకోసం" అని రాశాను. దండాలు తక్కువే వచ్చాయి. మా ఆడపడుచు చాలాసేపటికి ఓ మాట రాసింది, "ఆ నల్ల మేజోళ్లు ఎలా అల్లాలి వదినా?" అని. వచ్చే ఆదివారం రమ్మన్నాను. వస్తుందో రాదో చూడాలి. ఉన్ని మాత్రం కడిగి ఆరేశాను.